తీగల వెంట – 11: కోరుట్ల ఎక్కడుందో సర్వర్‌కు ఎవరు చెప్పారు?

సిరిసిల్ల 505301, కోరుట్ల 505326, జగిత్యాల 505327. ఈ ఆరంకెల పిన్‌కోడ్ పద్ధతి దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. తపాలా శాఖలో ఉన్నతాధికారిగా ఉంటూనే సంస్కృతంలో కావ్యాలు, నాటకాలు రాసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ దాన్ని తయారుచేశాడు. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల లిపుల్లో రాసిన కవర్లు, అర్థంకాని చేతిరాతలు. వీటి మధ్య ఉత్తరం దారి తప్పకుండా చూడటమే ఆయన పని. 505 అంటే పాత కరీంనగర్ జిల్లా, తర్వాతి మూడంకెలు పోస్టాఫీసు. ఊరి పేరు చదవడం చేతకాకపోయినా ఉత్తరాన్ని ఏ సంచిలో వెయ్యాలో గుమస్తాకు తెలిసిపోతుంది.

ఫోన్లదీ అదే తీరు. జగిత్యాల 08724, సిరిసిల్ల 08723, మెట్‌పల్లి, కోరుట్ల 08725. షార్జా నుంచో రియాద్ నుంచో ఇంటికి ఫోన్ కలిపే మనిషి ముందు 91 కొట్టి, ఆ తర్వాత ఊరి అంకెలు కొట్టేవాడు. ఎక్స్ఛేంజీలు వాటిని వరసగా చదువుకుంటూ ఆ కాల్‌ను ఊరి దాకా తెచ్చేవి. ఊరు నంబరులోనే ఉండేది.

నెట్‌లో మన ఫోనుకో కంప్యూటరుకో ఉండే అంకెల గుర్తు ఐపీ చిరునామా. అందులో ఊరు లేదు. కోరుట్లలో కూర్చుని, మన చిరునామా ఏ ఊరిదో చూపించే వెబ్‌సైటు ఏదైనా ఫోనులో తెరిచి చూడండి. హైదరాబాద్ అని రావచ్చు. కంపెనీని బట్టి ముంబై అనో చెన్నై అనో కూడా రావచ్చు. కోరుట్ల అని రావడం అరుదు. దీని మీద ఎవరూ గొడవపడరు కానీ, సర్వర్ల మీద పడే బరువును పంచే పని చూసేవాళ్లు మాత్రం ముప్పై ఏళ్లుగా ఈ చిక్కుతోనే కుస్తీ పడుతున్నారు. వచ్చినవాడు ఎక్కడి నుంచి వచ్చాడు? వాణ్ణి ఏ సర్వర్ దగ్గరికి పంపాలి? ఈ భాగమంతా ఆ రెండు ప్రశ్నల చరిత్రే. ఈ లోపల నెట్ లెక్కలో కోరుట్ల చాలాసార్లు చోటు మారింది. ఊరు మాత్రం 63వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది.

నంబరులో ఊరెందుకు లేదో ముందు చూద్దాం. మనం ఈరోజుకీ వాడుతున్న నాలుగో తరం ఐపీ చిరునామాల పద్ధతి 1981 సెప్టెంబరులో ఖాయమైంది. ఆ పత్రానికి సంపాదకుడు జాన్ పోస్టెల్. చిరునామాకు 32 బిట్లు, అంటే మొత్తం సుమారు 430 కోట్ల చిరునామాలు. వాటిని గంపగుత్తగా సంస్థలకు పంచారు. ఒక విశ్వవిద్యాలయానికి ఒక దిమ్మ, ఒక కంపెనీకి ఒక దిమ్మ. ఆ దిమ్మను ఏ ఊళ్లో వాడుకుంటారన్నది ఎవరూ అడగలేదు. అప్పటికి ఆ వలలో ఉన్న యంత్రాలు కొన్ని వందలే కనుక అడగాల్సిన అవసరమూ రాలేదు. తర్వాత పంపకం పని ఖండాలవారీగా విడిపోయింది. ఆసియా, పసిఫిక్ దేశాల వంతు చూసే ఏపీనిక్ 1993లో టోక్యోలో ప్రయోగంగా మొదలై, 1998లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు మారింది. 2012 నుంచి మన దేశానికి సొంతంగా ఐఆర్‌ఐఎన్‌ఎన్ ఉంది. ఈ రిజిస్టర్లలో ప్రతి దిమ్మకూ ఒక యజమాని, ఒక దేశం, ఒక ఆఫీసు చిరునామా ఉంటాయి. ఆ ఆఫీసు నారిమన్ పాయింటులో ఉంటే, ఆ చిరునామాతో జగిత్యాలలో సినిమా చూస్తున్నవాడు కూడా కాగితం మీద బొంబాయివాడే. భీవండి నుంచి సిరిసిల్లకు నూలు తెచ్చే లారీని తలుచుకోండి. బోర్డు మీద మహారాష్ట్ర నంబరే ఉంటుంది. బండి నెల రోజులుగా సాంచాల (మరమగ్గాల) వాడల్లోనే తిరుగుతున్నా ఆ నంబరు మారదు.

వంతులు వేసిన కాలం

భౌగోళికం రాకముందు సర్వర్ల మధ్య పని ఎలా పంచేవారు? మొదటి పద్ధతి చూస్తే నవ్వొస్తుంది, అంత తేలిక. 1993లో మొజాయిక్ బ్రౌజరు వచ్చింది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ అనే కేంద్రంలో దాన్ని తయారుచేశారు. దాన్ని దింపుకోవడానికి జనం ఎగబడ్డారు. ఒక్క యంత్రం ఆ తాకిడికి చాలలేదు. 1994లో ఎన్‌సీఎస్‌ఏ వాళ్లు ఒకే పేరు వెనక కొన్ని యంత్రాలు పెట్టారు. పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ వచ్చినవాళ్లకు వంతులవారీగా చిరునామాలు ఇచ్చేది. మొదటివాడికి ఒకటో యంత్రం, రెండోవాడికి రెండోది, అన్నీ అయ్యాక మళ్లీ మొదటిది. 1995 ఏప్రిల్‌లో థామస్ బ్రిస్కో ఈ పద్ధతిని ఒక పత్రంగా రాసిపెట్టాడు.

ఇందులో వచ్చినవాడి ఊరు ప్రసక్తే లేదు. యంత్రాలన్నీ ఒకే చోట ఉన్నప్పుడు ఊరితో పనేముంది? నకళ్లను దూర దేశాల్లో పెట్టడం మొదలయ్యాకే భూగోళం ఈ లెక్కలోకి వచ్చింది. మొదట్లో ఆ బాధ్యత మనిషిదే. సాఫ్ట్‌వేర్ దింపుకునే పేజీలో ఒక జాబితా కనిపించేది: అమెరికా, స్వీడన్, జపాన్, ఆస్ట్రేలియా. మీకు దగ్గరిది ఎంచుకోండి అనేవారు. మనవాళ్లు మ్యాపు చూసి జపాన్ నొక్కితే కథ అడ్డం తిరిగేది. ఆ రోజుల్లో ఒక ఆసియా దేశం నుంచి ఇంకో ఆసియా దేశానికి పోయే సమాచారం కూడా చాలాసార్లు అమెరికా చుట్టి వచ్చేది. మ్యాపులో దగ్గర, తీగ దారిలో దూరం. ఈ రెండు దూరాలూ వేరన్న సంగతి ఇంటర్నెట్‌కు మొదటి నుంచీ ఉన్నదే. మనం దాన్ని ఇంకా కొన్నిచోట్ల చూడబోతున్నాం.

వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను మామూలు జనానికి తెరిచిన కథ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మనవాళ్లు తెరిచిన ప్రతి పేజీ ఇంచుమించు అమెరికా నుంచే రావాలి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి సూటిగా గీత గీస్తే సుమారు 13,000 కిలోమీటర్లు. పోయి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు కావాలి. తీగలు సూటిగా పోవు కనుక అసలు పట్టేది దీనికి రెట్టింపు. ఉపగ్రహం మీద పోతే ఇంకా ఘోరం. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తుకు అభ్యర్థన ఎక్కి దిగాలి, జవాబు మళ్లీ ఎక్కి దిగాలి. అక్కడే దగ్గర దగ్గర అర సెకను. ఒక పేజీకి ఇలాంటి రాకపోకలు పది, ఇరవై ఉంటాయి. ఎంత ఖరీదైన మోడెమ్ కొన్నా ఈ ఆలస్యం తగ్గదు. సర్వర్‌నే దగ్గరికి తేవాలి.

ఎంఐటీ లెక్కల మాస్టారు

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1995లో ఎంఐటీలో ఉన్నాడు. ఈ వల ఇలాగే పెరిగితే రద్దీతో ఊపిరాడకుండా పోతుందని, దానికి కొత్త మార్గం వెతకమని అక్కడి తోటివాళ్లను అడిగాడు. గణితశాస్త్ర ఆచార్యుడు టామ్ లేటన్ ఆ సవాలు తీసుకున్నాడు. ఆయన శిష్యుడు డానీ లెవిన్ ఇజ్రాయెల్ సైన్యంలో అధికారిగా చేసి చదువుకు వచ్చినవాడు. 1997లో వాళ్ల బృందం ఒక పత్రం ప్రచురించింది. ఏ ఫైలు ఏ యంత్రంలో ఉండాలో లెక్కతో తేల్చే పద్ధతి అది. యంత్రాలు కొత్తగా చేరినా కొన్ని పాడైనా సరుకంతా మళ్లీ సర్దనక్కర్లేదు, కొద్ది భాగం కదిలితే చాలు. 1998లో అకమాయ్ కంపెనీ పుట్టింది.

వాళ్లు చేసిన తెలివైన పని డీఎన్‌ఎస్ దగ్గర ఉంది. వంతులు వెయ్యడం మానేసి, అడిగినవాడు ఎవరో చూసి జవాబు చెప్పడం మొదలుపెట్టారు. ఒకే పేరు. బోస్టన్ నుంచి అడిగితే బోస్టన్ దగ్గరి చిరునామా, లండన్ నుంచి అడిగితే లండన్ దగ్గరిది. దగ్గర అన్నది అట్లాసు చూసి చెప్పలేదు. వాళ్ల యంత్రాలు ప్రపంచంలోని వేరువేరు వలల నుంచి నిరంతరం కొలుస్తూ ఉండేవి. ఏ వలకు ఏ వల నుంచి ఎంత సేపు పడుతోంది, ఏ దారి తెగింది, ఏ దారి నిండిపోయింది. అంటే భూగోళాన్ని పక్కనపెట్టి, కాలంతో గీసుకున్న వేరే మ్యాపు అది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ టవర్లను ఢీకొన్న మొదటి విమానంలో డానీ లెవిన్ ఉన్నాడు. వయసు 31. ఆ పగలంతా ప్రపంచం వార్తా వెబ్‌సైట్ల మీద పడింది. ఆ బరువు మోసినవాటిలో అతను కట్టిన వల ఒకటి.

పారిస్ కోర్టులో బయటపడ్డ సర్వర్

ఊరిని బట్టి సర్వర్ ఎంచే ఈ విద్య ఇంజినీర్ల గదుల్లోనే ఉండిపోయి ఉంటే ఈ చరిత్రలో నాకు అంత రుచి ఉండేది కాదు. అది ఒక న్యాయస్థానంలో, ఎవరూ అనుకోని తీరులో బయటికొచ్చింది.

2000 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని జాతివివక్ష వ్యతిరేక సంస్థ లిక్రా, యూదు విద్యార్థుల సంఘం కలిసి యాహూ మీద కేసు వేశాయి. యాహూ వేలం పేజీల్లో నాజీ గుర్తులున్న వస్తువులు అమ్ముతున్నారు. ఫ్రాన్స్‌లో వాటిని అమ్మకానికి చూపించడం నేరం. యాహూ వాదన రెండు మాటల్లో చెప్పొచ్చు. మా సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, అక్కడి రాజ్యాంగమే మాకు వర్తిస్తుంది. పైగా ఇంటర్నెట్‌లో వచ్చినవాడు ఏ దేశంవాడో తెలుసుకోవడం సాధ్యం కాదు.

న్యాయమూర్తి జాన్-జాక్ గోమెజ్ ఆ మాట నమ్మి ఊరుకోలేదు. ముగ్గురు నిపుణులను నియమించాడు. వాళ్లలో ఇంటర్నెట్ పితామహుల్లో ఒకడైన వింట్ సెర్ఫ్ ఒకడు. నిపుణుల నివేదిక నవంబరులో వచ్చింది. ఐపీ చిరునామాను బట్టి ఫ్రాన్స్‌లోని వాడుకదారుల్లో 70 శాతం మందిని గుర్తించవచ్చు, దానికి తోడు ఏ దేశంవాడివని వాళ్లనే అడిగితే 90 శాతం దాకా పోవచ్చు అని. ఇంతకంటే చమత్కారమైన విషయాలు రెండు. ఫ్రాన్స్ నుంచి యాహూ తెరిచినవాళ్లకు అప్పటికే ఫ్రెంచి భాషలో ప్రకటనలు కనిపిస్తున్నాయి. వచ్చినవాడెవడో తెలియదన్న కంపెనీకి ప్రకటన ఎవరికి చూపాలో మాత్రం తెలుసు. రెండోది, ఫ్రాన్స్‌వాళ్లకు అందుతున్న ఆ పేజీలు అమెరికా నుంచి రావడం లేదు. యూరప్‌వాళ్లకు తొందరగా అందాలని స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో యాహూ పెట్టుకున్న నకలు సర్వర్ నుంచి వస్తున్నాయి. బరువు పంచుకోవడానికి చేసిన ఏర్పాటే యజమాని వాదనను పడగొట్టింది.

2000 నవంబరు 20న గోమెజ్ తీర్పు చెప్పాడు. మూడు నెలల గడువు, దాటితే రోజుకు లక్ష ఫ్రాంకులు. 2001 జనవరిలో యాహూ ఆ వస్తువులను తన వేలం నుంచి తీసేసింది. తొందరగా చేరవెయ్యడానికి పుట్టిన సాధనం ఆ తీర్పుతో సరిహద్దు కాపలాకు కూడా పనికొచ్చేదైంది. ఒక సినిమా హక్కు ఇండియాకు ఒకడికి, గల్ఫ్‌కు ఇంకొకడికి అమ్ముకోవడం దీని మీదే నడుస్తోంది. జగిత్యాలలో ఇంటివాళ్లు చూస్తున్న సినిమా దోహా లేబర్ క్యాంపులోని ఫోనులో దొరకదు. మన ప్రభుత్వ వెబ్‌సైట్లు కొన్ని బయటి దేశాల చిరునామాలకు తెరుచుకోవు. దాడుల భయంతో పెట్టుకున్న అడ్డమే కావచ్చు, కానీ గల్ఫ్‌లో ఉన్న మనిషి ఊళ్లో తన కాగితాల సంగతి చూసుకోబోతే మొదట తగిలేది అదే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వంటి చోట్ల వలస లేని వాడ వెతికినా దొరకదు కనుక ఇది చిన్న విషయమని నేను అనుకోను.

దేశం నడిబొడ్డున ఒక చుక్క

ప్రతి కంపెనీ అకమాయ్‌లా ప్రపంచాన్ని కొలవలేదు కదా. వాళ్లకు తయారు సరుకు కావాలి. 2002లో మొదలైన మాక్స్‌మైండ్ అనే అమెరికన్ కంపెనీ అలాంటి పట్టికలు అమ్మింది. ఏ ఐపీ దిమ్మ ఏ దేశం, ఏ ఊరు, ఏ అక్షాంశ రేఖాంశాలు. రిజిస్టర్ల వివరాలు, దారుల సమాచారం, వాడుకదారులు తామే చెప్పుకున్న ఊళ్లు అన్నీ కలిపి వండినవి ఇలాంటి పట్టికలు. సర్వర్ల ముందు కూర్చుని పని పంచే సాఫ్ట్‌వేర్ ఈ పట్టిక తిరగేసి, ఇది ఇండియా చిరునామా, సింగపూర్ సర్వర్‌కు పంపు అంటుంది.

దేశం తెలిసి ఊరు తెలియని చిరునామాను ఎక్కడ పెట్టాలి? మాక్స్‌మైండ్ దేశం మధ్యలో ఒక చుక్క పెట్టింది. అమెరికాకు ఆ చుక్క కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలో పడింది. 60 కోట్ల చిరునామాలు ఆ ఒక్క పొలం మీదికి చేరాయి. మోసపోయినవాళ్లు, పన్ను అధికారులు, పోలీసులు దొంగ ఇక్కడే ఉన్నాడని ఆ ఇంటి తలుపు తట్టసాగారు. 2016 ఏప్రిల్‌లో విలేఖరి కశ్మీర్ హిల్ ఈ కథ బయటపెట్టాక కంపెనీ ఆ చుక్కను ఒక చెరువులోకి జరిపింది.

మన దేశానికీ అలాంటి చుక్క ఉండేది. పాత పట్టికల్లో ఊరు తెలియని ఇండియా చిరునామాకు 20 డిగ్రీల ఉత్తరం, 77 డిగ్రీల తూర్పు అని వచ్చేది. విదర్భలో వాశిం దగ్గరి చోటు అది. జగిత్యాలకు 200 కిలోమీటర్ల పైచిలుకు. కోరుట్లవాడు నెట్ కళ్లకు కొన్నాళ్లు విదర్భ రైతన్నమాట. సర్వర్ ఎంపికకు మాత్రం ఈ తప్పుతో నష్టమేమీ రాలేదు. అప్పట్లో చాలా కంపెనీలకు, ఇండియాలో ఎక్కడున్నా, దగ్గరి పెద్ద సర్వరు సింగపూర్‌లోనే. వాశిం అయినా కోరుట్ల అయినా జవాబు ఒకటే. దొంగను పట్టడానికి పనికిరాని పట్టిక పని పంచడానికి చక్కగా సరిపోతుంది. ఈ రెండు పనులనూ కలిపి చూసినవాళ్లే కాన్సస్ పొలానికి పోయి తలుపు తట్టారు.

డీఎన్‌ఎస్‌లో ఇంకో తిరకాసు ఉంది. జవాబు చెప్పే సర్వర్‌కు అసలు మనిషి కనిపించడు. అతని తరఫున అడిగే రిజల్వర్ కనిపిస్తుంది. రిజల్వర్ మన ఫోను కంపెనీదే అయితే పెద్ద తేడా రాదు. 2009 డిసెంబరులో గూగుల్ నాలుగు ఎనిమిదుల చిరునామాతో అందరికీ రిజల్వర్ పెట్టింది. జనం మారిపోయారు. నెట్ సెంటర్లవాళ్లు కంప్యూటర్ నెమ్మదిస్తే ముందు ఆ ఎనిమిదులు పెట్టి చూడటం అలవాటు చేసుకున్నారు. రిజల్వర్ సింగపూర్‌లో ఉంటే సిరిసిల్ల మనిషిని సింగపూర్‌వాడనుకుని అక్కడి సర్వర్‌కే పంపుతారు, ముంబైలో నకలు ఉన్నా సరే. దీన్ని సరిచెయ్యడానికి 2011లో గూగుల్, ఓపెన్‌డీఎన్‌ఎస్ మరికొందరు కలిసి ఒక ఏర్పాటు చేశారు. రిజల్వర్ తన ప్రశ్నతోపాటు అడిగినవాడి చిరునామాలో ముందు భాగాన్ని కూడా పంపుతుంది. 2016 మేలో అది 7871వ నంబరు పత్రంగా అచ్చయింది. చిరునామా మొత్తం పంపకపోవడం గోప్యత కోసం. అయినా ఆ ముక్క పంపడమూ ఇష్టంలేని రిజల్వర్లు ఇప్పటికీ ఉన్నాయి. వేగమా గోప్యతా అన్న తగాదా తీరలేదు.

2008 జనవరి 30

మ్యాపు దూరం, తీగ దూరం వేరన్న పాఠం గల్ఫ్‌కూ మనకూ కలిపి ఒకే వారంలో వచ్చింది. ఆ రోజు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు పెద్ద కేబుళ్లు తెగాయి. ఇండియా నుంచి యూరప్‌కు, అక్కడి నుంచి అమెరికాకు పోయే దారి అదే. దేశపు బ్యాండ్‌విడ్త్‌లో సగం పోయిందని సర్వీసు ప్రొవైడర్ల సంఘం అప్పట్లో చెప్పింది. రెండు రోజులకు, ఫిబ్రవరి 1న, దుబాయి తీరానికి 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ కేబుల్ తెగింది. దాని దగ్గర ఐదారు టన్నుల వదిలేసిన లంగరు దొరికిందని కేబుల్ యజమాని కంపెనీ ప్రకటించింది.

దుబాయి, కువైట్, ఖతార్ నెమ్మదించాయి. అమెరికా పనుల మీద బతికే హైదరాబాద్ కంపెనీలు తూర్పు దారి పట్టాయి. చెన్నై నుంచి సింగపూర్, పసిఫిక్ దాటి అమెరికా. ఆ వారంలో పట్టిక చూసి సర్వర్ ఎంచే ఏర్పాట్లు ఏం చేసి ఉంటాయో ఊహించుకోవచ్చు. పట్టికకు కేబుల్ తెగిన సంగతి తెలియదు. దాని లెక్కలో లండన్ ఎక్కడుందో అక్కడే ఉంది. ఎప్పటికప్పుడు కాలాన్ని కొలుచుకునే ఏర్పాట్లకు మాత్రం ఆ సంగతి నిమిషాల్లో తెలుస్తుంది. అమెజాన్ తన రూట్53 అనే డీఎన్‌ఎస్ సేవలో 2012లో కాలాన్ని బట్టి దారి చూపే పద్ధతి ముందు తెచ్చి, దేశాన్ని బట్టి చూపే పద్ధతిని 2014లో తెచ్చింది. ఈ వరస నాకు సబబుగానే తోస్తుంది.

సర్వరు హైదరాబాద్ దాకా వచ్చింది

2016లో రెండు విషయాలు జరిగాయి. జూన్‌లో అమెజాన్ తన సర్వర్ల కేంద్రాలను ముంబైలో తెరిచింది. సెప్టెంబరు 5న జియో వచ్చింది. కోరుట్ల బీడీల చాటల పక్కన, సిరిసిల్ల సాంచాల పక్కన వీడియోలు మొదలయ్యాయి. ఆ అక్టోబరు 11నే జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి. ఫోను కంపెనీల పటంలో మాత్రం జిల్లా సంగతి అటుంచి రాష్ట్రమే విడిపోలేదు. వాళ్ల లైసెన్సు సర్కిల్ పేరు ఈనాటికీ ఆంధ్రప్రదేశ్. తెలంగాణ అందులోనే.

ఈ సర్కిల్ సంగతి మన కథకు కావాలి. కోరుట్ల టవరు మన ఫోనుకు ఐపీ చిరునామా ఇవ్వదు. మన సమాచారాన్ని మూటగట్టి పెద్ద నగరంలోని గేట్‌వేకు చేరుస్తుంది. చిరునామా పుట్టేది ఆ గేట్‌వేలో. పైగా పాత చిరునామాలు చాలక ఒక్కోదాన్ని ఎంతోమందికి కలిపి ఇస్తున్నారు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ గిడ్డంగి ఖాళీ అయింది, అదే ఏప్రిల్‌లో ఏపీనిక్ దగ్గరా చివరి దిమ్మకు వచ్చారు. కాబట్టి ఒకే నిమిషంలో కోరుట్ల, కర్నూలు, ఖమ్మం మనుషులు ఒకే చిరునామాతో బయటికి రావచ్చు. ఆ చిరునామా ఏ ఊరిదని అడిగితే గేట్‌వే ఉన్న ఊరి పేరే నిజమైన జవాబు. సర్వర్ల పని పంచేవాడికి కావాల్సిందీ అదే. మనిషి మంచం ఎక్కడుందో వాడికి అక్కర్లేదు, సమాచారం ఏ గుమ్మంలోంచి బయటపడుతోందో కావాలి. పట్టిక హైదరాబాద్ అని చూపిస్తే పొరపాటనిపిస్తుంది కానీ, ఈ పనికి అది పొరపాటు కాదు.

2020 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ చుట్టుపక్కల డేటా సెంటర్లు కడుతోందని, పెట్టుబడి 20,761 కోట్ల రూపాయలని రాష్ట్ర ఐటీ మంత్రి ప్రకటించాడు. ఆ మంత్రి కె. తారక రామారావు, సిరిసిల్ల ఎమ్మెల్యే. 2022 నవంబరు 22న ఆ కేంద్రాలు తెరుచుకున్నాయి. సిరిసిల్ల నుంచి హైదరాబాద్ 140 కిలోమీటర్లు, కోరుట్ల నుంచి సుమారు 200. కాంతి లెక్కలో పోయి రావడానికి రెండు మిల్లీసెకన్లు. ముంబై అయితే ఆరు, సింగపూర్ అయితే ముప్పైకి పైన. రెండుకూ ఆరుకూ తేడా మనిషికి తెలియదు. అందుకే హైదరాబాద్ వచ్చాక వేగం పెరిగిందన్న మాటను నేను పెద్దగా పట్టించుకోను. లాభం వేరేచోట ఉంది. ముంబై పడిపోతే నిలబడే రెండో చోటు దేశంలోనే దొరికింది, డేటా సరిహద్దు దాటనక్కర్లేకుండా.

అందరూ ఒకే వైపు నుంచి వస్తే

ఊరిని బట్టి పని పంచే పద్ధతికి అసలు పరీక్ష ఫలితాల రోజు. తెలంగాణలో ఇంటర్ రెండేళ్లూ కలిపి తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాస్తారు. ఫలితాలు విడుదలైన నిమిషంలో పిల్లలు, అన్నలు, మేనమామలు, కాలేజీ సార్లు అందరూ ఒకే పేజీ తెరుస్తారు. అందరూ ఒకే రాష్ట్రం నుంచి. దగ్గరివాణ్ణి దగ్గరి సర్వర్‌కు పంపమన్న నియమం ఇక్కడ పెడితే జగిత్యాల, సిరిసిల్ల, వనపర్తి అన్నీ హైదరాబాద్ సర్వర్ మీదే పడతాయి. ముంబైది ఖాళీగా ఉంటుంది. ప్రపంచమంతా పరుచుకున్న జనానికి బరువు తగ్గించిన నియమమే ఒక రాష్ట్రపు జనానికి బరువు పెంచుతుంది. అప్పుడు వాడాల్సింది మళ్లీ 1994 నాటి వంతులే, లేదా ప్రతి సర్వర్‌కూ ఇంత పాలని ముందే రాసిపెట్టిన తూకాలు. మన అధికారులు ఈ సమస్యను చాలా ఏళ్లుగా మనిషి పద్ధతిలో తీరుస్తున్నారు. ఫలితాలు ఈ నాలుగైదు వెబ్‌సైట్లలో చూసుకోవచ్చని పేపర్లో వేయిస్తారు. సంస్థలు వేరు, సర్వర్లు వేరు. ఒకటి తెరుచుకోకపోతే పిల్లలే ఇంకోదానికి పోతారు. పాత కాలపు నకళ్ల జాబితాకు ఇది తమ్ముడు. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవాళ్లకు కోవిన్ టీకా నమోదు తెరిచినప్పుడు అలాంటి వేరే వ్యవస్థ లేదు. దేశమంతా ఒక్కచోటే పడి కాసేపు అది మొరాయించింది. ఆ రోజు ముగిసేసరికి కోటికి పైగా మంది నమోదయ్యారన్నదీ నిజమే.

ఊరి నియమాలు రాసేవాళ్లు మరిచిపోయే గడి ఇంకొకటుంది. రూట్53 లాంటి సేవలో ఇండియా చిరునామాలకు హైదరాబాద్, అమెరికా చిరునామాలకు వర్జీనియా అని రెండు నియమాలు రాసి ఊరుకుంటే, ఈ రెండింట్లోకీ రాని దేశం నుంచి అడిగినవాడికి జవాబే వెళ్లదు. ఏ దేశమో పట్టిక తేల్చలేని చిరునామాకూ అంతే. పేజీ నెమ్మదిగా రావడం కాదు, అలాంటి పేరే లేనట్టు ఉంటుంది. అందుకని మిగిలినవాళ్లందరికీ అని చివర ఒక నియమం రాయాలి. దుబాయి నుంచి కొడుకు మార్కులు చూడబోయే తండ్రి పడేది ఆ నియమంలోనే.

(సశేషం. వచ్చే భాగంలో: ఒకే చిరునామాను ప్రపంచంలో వంద చోట్ల పెట్టే ఎనీకాస్ట్, చెన్నైకి వచ్చిన రూట్ సర్వర్)